మూరెడు దారం

చిత్తూరు సీమ పడమటి భాగంలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలు సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైబడిన పీఠభూమి మీద నెలకొన్నాయి. మార్గశిర పుష్య మాసాలలో ఇక్కడి చలి మైదాన ప్రాంతాల చలి కంటే అధికం. అందువల్ల ఈ ప్రాంతపు పాత ఇళ్ళలో బొంతకు విశేషమైన స్థానం ఉండేది. పాతబడిన నూలు చీరలను, పంచెలను ఉతికి ఆరబెట్టి, పొరలుగా పరచి, అంచులు మడిచి, పెద్దసూదితో వరుస వెంట వరుసగా కుట్టినదే బొంత. సంస్కృతంలో దీనిని కంథ అంటారు. వంగదేశంలో ఆ పేరే కాంథాగా నేటికీ నిలిచి ఉంది. కన్నడసీమలో దీని పేరు కౌది. తెలుగు, తమిళం, కన్నడం ఒకే వీధిలో వినిపించే కుప్పంలో భాషలు కూడా బొంతలోని పేలికల వలె ఒకదానితో ఒకటి కలిసిపోయి కనిపిస్తాయి.

నేడు ఇళ్ళలో పూర్తయిన బొంతల కంటే సగం కుట్టి అటకమీద పెట్టిన బొంతలే ఎక్కువ అంటే ఆశ్చర్యపడనక్కరలేదు. దీనికి కారణం లేకపోలేదు. మదనపల్లె చెంతనున్న నీరుగట్టువారిపల్లెలో పట్టుచీర నేసే నేతగానికి మగ్గం దిగేసరికి కూలి లభిస్తుంది. టమాటా కోతకు వెళ్ళిన స్త్రీకి ఆనాటి కూలి ఆనాడే చేతికందుతుంది. బొంత కుట్టే చేతికి కూలి లేదు, గడువు లేదు, అడిగేవారు లేరు. గడువు లేని పని రేపటికి జరుగుతుంది. ఆ రేపు మరుసటి ఏటి చలికాలానికి జరుగుతుంది.

బొంత పరిమాణాన్ని తలచుకుంటే ఎవరికైనా జంకు కలగడం సహజం. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బొంతలో అంగుళానికొక వరుస వేస్తే 48 వరుసలు వస్తాయి. అంగుళానికి మూడు కుట్లు చొప్పున వరుసకు 216 కుట్లు. మొత్తం 10,368 కుట్లు. ఈ సంఖ్యను చూసినవాడు సూది కింద పెడతాడు. దినానికి ఒక వరుస అనుకున్నవాడు 48 దినాలలో లేచి బొంతను దులుపుతాడు. పని ఒక్కటే, దానిని చూసే తీరులో మాత్రమే భేదం ఉంది.

పనిని సాగదీసేవానిని మన పెద్దలు దీర్ఘసూత్రుడు అన్నారు. తిక్కన శాంతిపర్వంలోని మూడు చేపల కథ తెలిసినవారికి ఈ పేరు పరిచితమే. చెరువు ఎండిపోనున్నదని తెలిసినా, తొందరేమున్నదని తాత్సారం చేసి జాలరి చేత చిక్కిన చేప పేరది. ఆ పదానికి అక్షరార్థం పొడుగాటి దారం కలవాడు అని. బొంత కుట్టే స్త్రీలకు ఈ పదంలోని సత్యం నిఘంటువు చూడకుండానే తెలుసు. మాటిమాటికి సూదిలో దారం ఎక్కించే శ్రమ తప్పించుకోవాలని బారెడు దారం తీసుకుంటే అది మెలిపడి, ముడిపడి, చివరకు తెగుతుంది. మూరెడు దారం చిక్కుపడదు. అది అయిపోయిన పిదప మరొక మూరెడు. దీర్ఘకాలం సాగవలసిన ఏ పనికైనా ఇదే కొలత.

కొన్ని వందల రూపాయలకే అంగడిలో దుప్పటి దొరుకుతుండగా ఈ ప్రయాస దేనికి అని కొందరు ప్రశ్నించవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. పైగా బొంత పేరిట స్త్రీల మధ్యాహ్నపు విశ్రాంతి అంతా కరిగిపోయిందన్న మాటా కాదనలేనిది. అయితే ఆ దోషం బొంతది కాదు. కుట్టుపని ఒక్కరిదే అని తేల్చిన ఇంటిది. చూపు మందగించిన అవ్వకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చే మనుమడు కూడా ఆ బొంతను కుట్టినవాడే. కుప్పంలో రైలెక్కి బెంగుళూరికి పనికి పోయే కుమారుడు ఆదివారం నాడు ఒక వరుస వేస్తే అతని పౌరుషానికి వచ్చే లోటేమీ లేదు. దుప్పటిని అంగడిలో కొనవచ్చు. తాత పంచె, అమ్మ పెళ్ళినాటి నూలుచీర, బిడ్డ తొలి చొక్కా ఒక్కచోట చేరిన వెచ్చదనం ఏ అంగడిలోనూ దొరకదు.

మొదలుపెట్టిన చేయి ఆగిపోతే మరొక చేయి అందుకోవడం తెలుగువారికి కొత్త కాదు. పదునొకండవ శతాబ్దిలో నన్నయ అరణ్యపర్వం నడుమ విడిచిన భారతాన్ని, విరాటపర్వం మొదలుకొని తిక్కన పూర్తిచేశాడు. మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని పదునాలుగవ శతాబ్దిలో ఎర్రన రచించి, నన్నయ కృతిపతియైన రాజరాజనరేంద్రునికే అంకితమిచ్చాడు. అతుకు తెలియని కుట్టు అంటే అది. నేటి లోకంలోనూ ఇట్టి ఉదాహరణ ఉన్నది. అమెరికాలో ఎయిడ్స్ వ్యాధికి బలియైనవారి స్మృతిగా, ఒక్కొక్కటి ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుగల 1,920 బొంత ముక్కలను కలిపి 1987 అక్టోబరులో వాషింగ్టన్ నగరంలో పరిచారు. ఆత్మీయులను కోల్పోయినవారు తమ చేతులతో కుట్టి పంపుతుండగా నేడు ఆ ముక్కల సంఖ్య దాదాపు 50,000కు చేరింది. ఎవరి ముక్క వారు పూర్తిచేశారు గనుకనే అంతటి బొంత సాధ్యమయింది.

కుట్టిన చేయి కన్నుమూస్తే, సగంలో ఆగిన బొంతను ఆమె గుర్తుగా పెట్టెలో దాచేవారున్నారు. అది ప్రేమే కావచ్చు. కాని పెట్టెలోని గుడ్డను చెద తింటుంది. ఎన్నడూ కప్పుకోని బొంత ఎవరి చలినీ తీర్చలేదు. ఆమె చివరి కుట్టు ఎక్కడ ఆగిందో వెతికి, అక్కడే ముడివేసి తరువాతి వరుస ప్రారంభించడం అంతకంటె గొప్ప స్మరణ. కొత్త కుట్లు వంకరగా పడవచ్చు. పాతవాటి పక్కన అవి అలాగే ఉండనివ్వాలి. ఏ వరుస ఎవరిదో రేపటి బిడ్డలు వేలితో తడిమి చెప్పుకుంటారు.