కర్రసాములో చూపు ఎక్కడ నిలపాలి?

కర్రసాముకు మళ్ళీ మంచి రోజులు వచ్చాయని మిత్రులు సంతోషిస్తున్నారు. నాకూ సంతోషమే. వార్షికోత్సవాలలో, ఊరేగింపులలో ఆడపిల్లలు సైతం కర్ర తిప్పుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. అయితే ఆ పిల్లల చూపు ఎక్కడ ఉంటున్నదో గమనించారా? కొందరిది కర్ర మీద, తక్కినవారిది ప్రేక్షకుల మీద. ఎదుట ప్రత్యర్థి లేడు కనుక చూడవలసిన పనే లేదు. నా అభ్యంతరమంతా ఇక్కడే.

నా బాల్యంలో మా శావల్యాపురం వైపు కర్రసాము తెలిసిన ఒక పెద్దాయన ఉండేవారు. మమ్మల్ని ఎదురెదురుగా నిలబెట్టి, కర్ర చేతికివ్వకుండానే, "వాడు ఎటు కదలబోతన్నాడో చెప్పరా" అనేవారు. మేము చేతులు చూసి చెప్పి తప్పేవాళ్ళం. "చెయ్యి అబద్ధమాడుద్ది, కాలు ఆడదురా" అని నవ్వేవారు. ఆ మాటలోని నిజం నాకు చాలాకాలానికి గాని బోధపడలేదు. శరీరభారం మోస్తున్న పాదం లేవలేదు. అది లేవాలంటే ముందు బరువు రెండవ కాలి మీదికి మారాలి. మారేటప్పుడు నడుము ఒరుగుతుంది. దెబ్బకు ముందు భుజం వెనుకకు పోతుంది. కంటబడినదానికి చెయ్యి స్పందించడానికి సుమారు 0.2 సెకను పడుతుంది. వడిగా వచ్చే కర్రకొసను చూసి కాచుకోదలచినవాడికి ఆ వ్యవధి దొరకదు. అందుచేత చూపును ఎదుటివాని రొమ్ము మీద నిలిపి, భుజాలనూ పాదాలనూ కడకంటితో కనిపెట్టాలి.

జపాను ఖడ్గవీరుడు మియామొతో ముసాషి 1645లో ముగించిన 'ఐదు వలయాల గ్రంథం'లో కంటితో చూడటం వేరు, లోతుగా గ్రహించడం వేరు అని చెప్పి, రెండవదానికే పెద్దపీట వేశాడు. అంతదూరం పోనేల? శల్యపర్వంలోని గదాయుద్ధం చూడండి. అందరికీ గుర్తుండేది అర్జునుడు తొడ చరచి చేసిన సంజ్ఞ. ఆ సంజ్ఞ ఎక్కడ కొట్టాలో చెప్పింది గాని ఎప్పుడు కొట్టాలో చెప్పలేదు. భీముణ్ణి వంచించడానికి దుర్యోధనుడు పైకెగరదలచాడు. ఆ తలపును భీముడు కనిపెట్టి గద విసిరాడు. వ్యాసుడు అక్కడ వాడిన పదం 'చికీర్షితం', అంటే చేయదలచినది. (సన్నంతరూపాలు బోధించిన ఇన్నేళ్ళలో ఈ ఉదాహరణ నాకెందుకు తట్టలేదో!) ఆ దెబ్బ ధర్మమా కాదా అన్నది వేరే చర్చ.

మన పలనాడు ఆయుధానికి మొక్కే నేల. కారెంపూడిలో కార్తీక అమావాస్య మొదలు ఐదు రోజులు, రాచగావు నుండి కళ్ళిపాడు దాకా, వీరుల కొణతాలకు జరిగే మర్యాద చూసినవారికి చెప్పనక్కరలేదు. ఆయుధం మీద ఉన్న ఆ శ్రద్ధలో పదోవంతు చూపు మీద ఉంటే బాగుండును.

జంటలుగా నేర్పితే దెబ్బలు తగులుతాయి, తల్లిదండ్రులు ఒప్పుకోరు అని ఒక శిక్షకుడు నాతో అన్నారు. న్యాయమైన మాటే. కానీ చూపు నేర్వడానికి కర్రే అక్కరలేదు. ఇద్దరిని ఆరడుగుల ఎడంలో నిలబెట్టి, ఒకరు అడుగు వేయబోతుంటే రెండవవారిని దిక్కు చెప్పమనాలి. రోజుకు పది నిమిషాలు చాలు. కొంతకాలానికి దొంగకదలికలు కలపాలి. గుడ్డ చుట్టిన కర్ర ఆ తరువాతి మాట.

ఆత్మరక్షణ కోసమని చెప్పి పిల్లలకు ఈ విద్య నేర్పుతున్నాం. గాలిలో కర్ర తిప్పి బహుమతి పొందిన అమ్మాయి తనకిక భయం లేదని నమ్ముతుంది. ఆ నమ్మకాన్ని చూస్తే నాకు భయం. చేయి చేసుకోబోయేవాడి భుజం ఎప్పుడు వెనుకకు పోయిందో ఆమెకు తెలియాలి. తెలిస్తే చేతిలో కర్ర లేకున్నా ఒక అడుగు ముందుగా తప్పుకోగలదు.

మొన్న మా మనుమరాలితో ఈ ఆట ఆడాను. కుడికి కదులుదామనుకున్నానో లేదో, "కుడి!" అన్నది. ఎట్లా తెలిసిందే అంటే, "కుడికాలు ఎత్తాలంటే నీకు ఎడమ మోకాలు నొప్పి కదా తాతయ్యా, ముందే నడుం పట్టుకుంటావు" అన్నది.