ముఖం చూపిస్తరు, జాడ చెప్పరు

పద్మారావు నగర్ నుంచి ముషీరాబాద్ దిక్కు నాలుగడుగులు వేస్తే గాంధీ దవాఖాన. ఇవ్వాళ పేదోడి ప్రాణానికి ఆసరా అయిన ఆ భవనాల జాగాలో ఒకప్పుడు జైలుండేది. 1975 డిసెంబర్ 1న భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీసింది ఆ ముషీరాబాద్ జైల్లోనే. తర్వాత జైలు తీసేసి 2003లో దవాఖానను అక్కడికి తెచ్చారు. గోడలు పోయినయి. కానీ "మా పిలగాణ్ని ఏడ పెట్టిండ్రు సారూ?" అని గేటు ముందు నిలబడి అడిగే తల్లి మాత్రం పోలేదు. ఆమె ఇప్పుడు ఠాణా గేటు ముందు నిలబడింది. అంతే తేడా.

ఊరికే అంటున్న మాట కాదిది. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్. దానికి ముందు రాత్రి పద్మారావు నగర్‌లో మా గదిలో ఉండే మిత్రుణ్ని మఫ్టీలో వచ్చినవాళ్లు పట్టుకపోయారు. ఏ ఠాణాకంటే చెప్పలేదు. కాగితం లేదు, సంతకం లేదు. తెల్లారేదాకా నాలుగు ఠాణాలు తిరిగాం. ఒక చోట "మా దగ్గర లేడు" అన్నారు. ఇంకో చోట "పై ఆఫీసర్లను అడుగుండ్రి" అన్నారు. మూడో చోట "మీరెవరు? మీ పేర్లేంది?" అని మమ్మల్నే రాసుకోబోయారు. ఊరి నుంచి వాళ్లమ్మ ఫోన్ మీద ఫోన్. "బతికే ఉన్నడా బిడ్డా? గది చెప్పుండ్రి చాలు" అని ఏడ్చింది. మూడో రోజు పొద్దున అతను తిరిగొచ్చాడు. ఏ రిజిస్టర్‌లోనూ అతని పేరు ఎక్కలేదు. అంటే ఆ రెండు రాత్రులు సర్కారు లెక్కలో అతను ఈ భూమ్మీద లేనట్టే!

నాయకుని అరెస్టు వేరు, కార్యకర్త అరెస్టు వేరు. 2009 నవంబర్ 29న కరీంనగర్ దగ్గర అలుగునూరులో కేసీఆర్‌ను అరెస్టు చేస్తే, ఖమ్మం జైలుకు తీసుకుపోతున్న సంగతి లోకమంతా టీవీల్లో చూసింది. అదే రోజుల్లో హాస్టల్ గదుల నుంచి, బస్టాండ్ల నుంచి ఎత్తుకపోయిన పోరగాళ్ల జాడ ఎవరు చెప్పారు? ముందస్తు అరెస్టు అన్న రెండు ముక్కల కింద ఎన్ని పేర్లు లెక్కకు రాకుండా పోయాయి?

ఇది చట్టం లేక జరిగిన అన్యాయం కాదు. చట్టం ఉండంగ జరిగింది. డీకే బసు కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 18ననే స్పష్టంగా చెప్పింది. అరెస్టు చేసినప్పుడు తేదీ, సమయంతో మెమో రాయాలి. ఇంటివాళ్లో, ఆ వాడ పెద్దమనిషో సాక్షిగా సంతకం పెట్టాలి. అరెస్టయిన మనిషి కూడా దానిపై సంతకం చెయ్యాలి. అతను కోరినవాళ్లకు కబురు పోవాలి. 12 గంటల్లోపు జిల్లా కంట్రోల్ రూముకు సమాచారం చేరాలి, అక్కడ అందరికీ కనపడేటట్టు నోటీసు బోర్డు మీద పెట్టాలి. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 41సి సెక్షన్ చేర్చి, 2010 నవంబర్ 1 నుంచి దీన్ని చట్టంగానే చేశారు. అంటే మేం నాలుగు ఠాణాలు తిరిగిన రాత్రికి ఆ సెక్షన్ అమల్లోకి వచ్చి నాలుగు నెలలు దాటింది. బోర్డు ఏదీ? ఉన్నా, దాని మీద పేరేదీ?

2024 జులై 1 నుంచి ఆ పాత కోడ్ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. దాని 37వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. ప్రతి ఠాణాలో, ప్రతి జిల్లాలో ఏఎస్ఐకి తగ్గని అధికారి ఒకరు ఈ పనికి బాధ్యుడు. అరెస్టయినవాళ్ల పేర్లు, చిరునామాలు, మోపిన నేరం ఏ తీరుదో ప్రతి ఠాణాలో, జిల్లా కేంద్రంలో అందరికీ కనపడేటట్టు పెట్టాలి. కంప్యూటర్ తెర మీద పెట్టినా సరే. చట్టం ఇంత తేటగా ఉన్నప్పుడు ఆ తల్లి ఎవరి కాళ్లూ మొక్కే పని లేదు. బోర్డు చదువుకొని వకీలు దగ్గరికి పోతే చాలు.

అమెరికాలో ఈ వ్యవహారం ఎట్లుంటదో చూడండి. మన పిల్లలు లక్షలుగా ఉన్న దేశం కాబట్టి మనకూ తెలిసి ఉండాలి. అక్కడ మన జిల్లాలాంటిది కౌంటీ. కౌంటీ జైలును చాలా చోట్ల షెరిఫ్ నడుపుతాడు. జైల్లోకి తీసుకున్నప్పుడు పేరు, సమయం, అభియోగం, బెయిల్ మొత్తం రాసుకొని ఫోటో తీస్తారు. దాన్ని బుకింగ్ అంటారు. చాలా కౌంటీల్లో ఈ వివరాలు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఇమిగ్రేషన్ నిర్బంధానికి వేరే వ్యవస్థ ఉంది. పూర్తి పేరు, పుట్టిన దేశం ఇచ్చి మనిషి ఏ నిర్బంధ కేంద్రంలో ఉన్నాడో వెతికే వీలుంది. 2019 జనవరిలో మిషిగన్‌లో అధికారులే పెట్టిన ఫార్మింగ్టన్ అనే బూటకపు యూనివర్సిటీ ఉచ్చులో వంద మందికి పైగా మన దేశపు విద్యార్థులు చిక్కారు. వాళ్లలో ఎక్కువ మంది తెలుగు పిల్లలే. పరాయి దేశంలో పట్టుబడ్డ కొడుకు జాడ వెతకడానికి సికింద్రాబాద్‌లో కూర్చున్న తండ్రికి ఒక దారుంది. వారాసిగూడలో పట్టుబడ్డ కొడుకు జాడ పద్మారావు నగర్ తండ్రికి దొరకదు. గిదేం న్యాయం?

అట్లని అమెరికా పద్ధతంతా మంచిదని కాదు. అక్కడ జాడతో పాటు ముఖం కూడా బజార్ల పెడతారు. ఆ ఫోటోలను ఏరుకొని, తమ సైట్లలో పెట్టి, తీసేయాలంటే పైసలు కట్టమనే దందా పుట్టింది. కేసు కొట్టేసినా ఫోటో పోదు. ఉద్యోగం ఇచ్చేటోడు పేరు కొట్టి చూస్తే ముందు ఆ ఫోటోనే కనపడతది. దాంతో కొన్ని రాష్ట్రాలు ఆ వసూళ్లను నిషేధించాయి. 2020లో శాన్‌ఫ్రాన్సిస్కో పోలీసులు అత్యవసరమైతే తప్ప ఆ ఫోటోలు విడుదల చెయ్యబోమని ప్రకటించారు. జాడ తెలుపుడు వేరు, ముఖం బజారుకీడ్చుడు వేరని వాళ్లకు ఆలస్యంగా అర్థమైంది.

మన దగ్గర లెక్క తలకిందులు. ఇక్కడ జాడ దాస్తారు, ముఖం చూపిస్తారు. ప్రెస్‌మీట్ పెట్టి, అధికారుల కుర్చీల వెనుక వరుసగా నిలబెట్టి, ఒకనాడు ముసుగేసి, ఒకనాడు ముసుగు లేకుండ టీవీ కెమెరాల ముందు నిలబెడతారు. నేరం రుజువు కాకముందే వాడకట్టు మొత్తానికి వాడు దొంగ అయిపోతాడు. పైగా కేసుకు కూడా ఇది చెరుపే. ముందే ఫోటో చూసిన సాక్షి తర్వాత గుర్తింపు పరేడ్‌లో గుర్తుపడితే ఆ గుర్తింపుకు విలువేముంటది?

2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర జరిగిన ఆ ఘోరం తర్వాత ఏమైందో గుర్తు చేసుకుందాం. పట్టుబడ్డ నలుగురి పేర్లు, ముఖాలు టీవీల నిండా వచ్చాయి. ఆ ఆడబిడ్డకు జరిగినదానికి అందరి గుండెలూ మండాయి. అది న్యాయమైన కోపమే. డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర ఆ నలుగురూ కాల్పుల్లో చచ్చిపోయారు. విచారణే జరగలేదు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఏం తేల్చింది? చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని చెప్పింది. మైనర్ల గుర్తింపు బయటపెట్టకూడదన్నది చట్టం. ముఖం ముందు, న్యాయం తర్వాత అనుకున్నప్పుడు ఇదే జరుగుతది.

ఇంకో సంగతి. 2022లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం ప్రకారం అరెస్టయిన ఎవరి ఫోటో అయినా, వేలిముద్రలైనా తీసుకోవచ్చు. అవి 75 ఏళ్లు జాతీయ నేర రికార్డుల బ్యూరో దగ్గర ఉంటాయి. అంతకుముందు శిక్ష పడనివాళ్లు నిర్దోషులుగా తేలితే తీసేయాలని ఉంది, కానీ కోర్టు వద్దంటే అదీ లేదు. మన ముఖాన్ని 75 ఏళ్లు యాదికి పెట్టుకునే సర్కారుకు మన జాడను 12 గంటల్లో బోర్డు మీద రాసుడు కష్టమా?

"అరెస్టయినట్టు బోర్డు మీద పేరు పెడితే పరువు పోదా?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే హద్దు గీయాలి. బోర్డు మీద పేరు, ఠాణా, సెక్షన్, అరెస్టు సమయం, అధికారి పేరు ఉండాలి. ఫోటో వద్దు. మైనర్లు, బాధితులు తెలిసిపోయే కేసులు వద్దు. మనిషి విడుదలైన తర్వాత అతని పేరు ఇంటర్నెట్‌లో ఏళ్ల తరబడి వేలాడొద్దు. పరువు పోవుడు కన్నా మనిషే కనపడకుండ పోవుడు పెద్ద ప్రమాదం.

ఉద్యోగులకు ఈ సమయం లెక్క ఇంకా ముఖ్యం. 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే సస్పెన్షన్‌లో ఉన్నట్టేనన్నది సర్వీసు నిబంధన. మేజిస్ట్రేటు ముందు 24 గంటల్లో పెట్టాలన్నది రాజ్యాంగం. మెమో మీద గంట రాయకపోతే ఈ రెండు గడియారాలూ పోలీసు చెప్పినట్టే తిరుగుతాయి. 42 రోజుల సకల జనుల సమ్మె చేసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పాల్నా? ఇక విద్యార్థులు. అమెరికా వీసా దరఖాస్తు "ఎప్పుడైనా అరెస్టయ్యావా?" అని అడుగుతది. కాగితమే లేని అరెస్టుకు పిలగాడు ఏమని జవాబు రాయాలె?

అందుకే దోస్తులారా, మనవాళ్లను పట్టుకపోతే ఏడ్చుకుంట తిరుగుడు మానుదాం. ముందు ఠాణాలో 37వ సెక్షన్ బోర్డు ఏదని అడుగుదాం. అరెస్టు మెమో నకలు అడుగుదాం. కేసు పెట్టారంటే ఎఫ్ఐఆర్ వెతుకుదాం. సున్నితమైన కేసులు తప్ప ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. మనిషి స్వేచ్ఛకు సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలని సమాచార హక్కు చట్టం 7వ సెక్షన్‌లోనే ఉంది. అయినా నోరు విప్పకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ వేద్దాం.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. వలస పాలకుల ఠాణాలో అడిగిన ప్రశ్నను సొంత రాష్ట్రం ఠాణాలో కూడా అడగాల్సి వస్తే, మనం తెచ్చుకున్నదేంది? బోర్డు, సుద్దముక్క, ఒక ఏఎస్ఐ. దీనికి బడ్జెట్ అక్కర లేదు. కేంద్రాన్ని అడిగే పని లేదు. ఆనాడు మా మిత్రుని తల్లి అడిగింది కూడా అదే కదా: బతికే ఉన్నడా, గది చెప్పుండ్రి చాలు. స్వయంపాలన అంటే ముందు ఆ తల్లికి జవాబు చెప్పుడు.

జై తెలంగాణ.