ఊరికొక పుట

ఒక గ్రామాన్ని గురించి తెలియగోరినవారు ఆ గ్రామస్థులనే అడగడం పూర్వాచారం. నేడు అడిగేవారు ఇంటర్నెట్‌ను అడుగుతున్నారు. తిరువూరు ప్రాంతంలోని నెమలి గ్రామం వేణుగోపాలస్వామి ఆలయం వల్ల ప్రసిద్ధి చెందినది. కాని ఆ పేరుతో వెదకబోయిన వానికి గ్రామం కంటె ముందు పక్షి ఎదురైతే ఆశ్చర్యం లేదు. ఇతరులు వ్రాసిన నాలుగు మాటలు దొరకవచ్చు. గ్రామస్థులు తమకై తాము చెప్పుకొన్నది ఎంత? ఇది ఒక్క నెమలికే చెందిన ప్రశ్న కాదు.

ఈ కొరత తీరడానికి ధనం అక్కరలేదు. టిమ్ బెర్నర్స్-లీ సృష్టించిన వరల్డ్ వైడ్ వెబ్‌ను సెర్న్ పరిశోధన సంస్థ 1993 ఏప్రిల్ 30న సర్వజనుల సొత్తుగా ప్రకటించింది. అందులో పుటలు వ్రాసే పద్ధతి పేరు హెచ్.టి.ఎం.ఎల్. శీర్షికకు ఒక గుర్తు, పేరాకు ఒక గుర్తు, చిత్రానికి ఒక గుర్తు. ఇటువంటివి పది నేర్చినవాడు నోట్‌ప్యాడ్‌లోనే పుట సిద్ధం చేయగలడు. ఇది వ్యాకరణం వంటిది. రంగులు, అక్షరాల పరిమాణం, అంచుల ఎడం నిర్ణయించే సి.ఎస్.ఎస్. అలంకారశాస్త్రం వంటిది, అది 1996లో ప్రమాణమైనది. చెప్పవలసిన విషయం లేనిచోట అలంకారం శోభించదన్న మాట ఇక్కడా సత్యమే.

తెలుగువారికి మరొక జాగ్రత్త అవసరం. ఒకప్పుడు ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క ఫాంటు వాడేది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెలుగు వార్త అర్థంలేని గీతలుగా కనిపించేది. యూనికోడు ప్రతి అక్షరానికి ఒక స్థిరమైన సంఖ్యనిచ్చి ఆ బాధ తీర్చింది. కనుక పుట యూ.టి.ఎఫ్.-8లో ఉన్నదనీ, దాని భాష తెలుగనీ మొదటనే ప్రకటించాలి.

ఫేస్‌బుక్ ఉండగా ఈ శ్రమ ఎందుకని కొందరు ప్రశ్నిస్తారు. పరుల అరుగు మీద కూర్చున్నవాడు గృహస్థు కాడు. 1994లో వెలసిన జియోసిటీస్‌లో లక్షలాది జనం పుటలు కట్టుకొన్నారు. 1999లో దానిని కొన్న యాహూ 2009లో మూసివేసింది. ఔత్సాహికులు భద్రపరచినవి తప్ప తక్కినవి పోయినవి. సొంత పుటకూ ఎవరిదో ఒక సర్వరు కావలసిందే. ఆ మాట నిజం. కాని ఫైలు తన వద్ద ఉన్నవాడు ఒకచోటు మూతబడితే మరొకచోటికి తరలిపోగలడు. 2022లో నెమలి కృష్ణా జిల్లానుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వచ్చింది. సొంత పుటలో ఆ మార్పు ఒక్క నిమిషం పని. ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఇది కంప్యూటరు శాఖవారి పని అని తెలుగు శాఖలు చేతులు కట్టుకొని కూర్చోరాదు. తాటాకు మీద గంటం పట్టడం ఒకనాటి లేఖనవిద్య. ఇది నేటి లేఖనవిద్య. డిగ్రీ విద్యార్థి ప్రతివాడూ తన ఊరిని గురించి ఒక్క పుట వ్రాయాలి. చెరువుల పేర్లు, పొలాల పేర్లు, ఉత్సవాల వరుస, వృత్తిపనివారి మాటలు, ముసలమ్మల పాటలు అందులో చేరాలి. విన్నది విన్నట్టుగా, చూచినది చూచినట్టుగా వేరుపరచాలి. అధ్యాపకుడు తప్పులు దిద్దాలి.

నేడు యంత్రాలు సైతం వాక్యాలు అల్లుతున్నవి. వాటికి ఆధారం మనుషులు వ్రాసిపెట్టినదే. ఊరివారు వ్రాయని ఊరిని గురించి అవి ఏమి అల్లినా, కాదని దిద్దడానికి ఆధారం ఉండదు. తెలిసిన వృద్ధులు ఉండగానే ఆ పుటలు సిద్ధం కావాలి.