పీహెచ్ రాస్తాం, కత్తి ఎవరి చేతిలో ఉందో రాయం

నానోకణాల మీద పరిశోధన చేసే మాకు మొదట నేర్పేది పరిస్థితులను నమోదు చేయడం. ఉష్ణోగ్రత ఎంత, పీహెచ్ ఎంత, ఏ రసాయనం ఎంత కలిపాం, ఎంతసేపు మరిగించాం. మరుగుతున్న బంగారు లవణ ద్రావణంలో సోడియం సిట్రేట్ కలిపితే అది ఎర్రబడుతుంది. 1951లో టర్కెవిచ్ బృందం వివరించిన పద్ధతి ఇది. సిట్రేట్ పాలు తగ్గిస్తే కణాలు పెద్దవవుతాయని 1973లో ఫ్రెన్స్ చూపించాడు. ఉప్పు తగిలితే అవి గుంపుకట్టి ద్రావణం నీలంగా మారుతుంది. బంగారం అదే, పరిస్థితి మారితే ఫలితం మారిపోతుంది.

ఈ బంగారు కణాలతో చేసే పరీక్షా పట్టీలు పశువ్యాధుల నిర్ధారణకూ పనికొస్తాయి. నేను దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్ గురించి చదవడం మొదలుపెట్టింది ఆ దారిలోనే. చచ్చిన గొడ్ల తోలు ఒలిచిన కుటుంబం నాది. కాబట్టి ఆ చదువు నాకు ల్యాబ్ పని మాత్రమే కాదు.

ఆంత్రాక్స్ దేశమంతటా ఒకే తీరుగా రాదు. ఒడిశాలోని కోరాపుట్, విశాఖ మన్యం, కర్ణాటక, తమిళనాడు, పశ్చిమ బెంగాల్‌లలోని కొన్ని ప్రాంతాల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. కారణాలుగా సున్నం ఎక్కువున్న క్షార నేలలు, ఎండల తర్వాత పడే వానలు, నేలను ఆనుకుని మేసే మందలు చెబుతారు. అవన్నీ నిజమే. కానీ ఒక పరిస్థితి ఆ జాబితాలో అరుదుగా కనిపిస్తుంది.

ఈ బ్యాక్టీరియా బీజకణంగా మారాలంటే గాలి తగలాలి. కళేబరాన్ని కోయకుండా వదిలితే లోపలి సూక్ష్మజీవులు కుళ్లుతో పాటే చాలావరకు చస్తాయి. కోస్తే, కారిన రక్తంలోనివి బీజకణాలై నేలలో దశాబ్దాలు బతుకుతాయి. అంటే బీజకణానికీ ఒక తయారీ పరిస్థితి ఉంది, అందులో కత్తి ఒక భాగం. ఆ కత్తి ఎవరి చేతిలో ఉండాలో ఈ దేశంలో కులం నిర్ణయించింది.

'కళేబరాన్ని కోయొద్దు' అన్న సలహా శాస్త్రపరంగా సరైనదే. అయితే దాన్ని దండోరా వేసి ఊరుకుంటే, నింద కోసినవాడి మీద పడుతుంది. గొడ్డును ఊరి బయటికి ఈడ్చే పనిని వెట్టిగా అంటగట్టింది ఊరు. కూలి బదులు తోలూ మాంసమూ తీసుకోమన్నది ఊరు. చచ్చిన పశువుల మాంసం మానుకోమని 1927లో మహద్‌లో బాబాసాహెబ్ పిలుపునిచ్చింది ఈ ఏర్పాటును తిరస్కరించడానికే. 2016లో ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితులను కట్టేసి కొట్టారు. ఆ తర్వాత గుజరాత్‌లో దళితులు కళేబరాలు ఎత్తడం మానేసి, కలెక్టరేట్ ముందు పడేసినప్పుడు గానీ ఇది ఎవరి మీద మోపిన పనో చాలామందికి గుర్తురాలేదు.

బ్రిటన్‌లో ఈ జబ్బుకు 'ఊలు ఏరేవారి రోగం' అని కార్మికుల పేరే పెట్టారు. 1919లో ఆంత్రాక్స్ నివారణ చట్టం తెచ్చారు. మన ఫ్యాక్టరీల చట్టం, 1948 మూడో షెడ్యూల్‌లోనూ ఆంత్రాక్స్‌ను తెలియజేయాల్సిన వృత్తివ్యాధిగా చేర్చారు. కానీ ఊరి చివర చింతచెట్టు కింద తోలు ఒలిచే మనిషి ఏ ఫ్యాక్టరీ రిజిస్టరులోనూ లేడు. చేతి మీద నొప్పిలేని నల్లపుండు లేచినప్పుడు, వేళకు యాంటీబయాటిక్ అందితే తగ్గే జబ్బు అతని ప్రాణం తీయొచ్చు.

పరిశోధక మిత్రులను నేను అడిగేది మూడు విషయాలు. వ్యాధి నమోదు పత్రంలో నేల, వర్షపాతంతో పాటు కళేబరాన్ని ఎవరు ఎత్తారు, ఎవరు కోశారు, వారికి వైద్యం అందిందా అన్న గడులు చేర్చమని పట్టుబట్టండి. కాల్చడానికీ, లోతుగా పూడ్చడానికీ అయ్యే ఖర్చును, చచ్చిన జీవానికి పరిహారాన్ని ప్రభుత్వం వెంటనే ఇవ్వాలని రాయండి. ఒక్క మేకే ఆస్తిగా ఉన్న ఇంటికి ఉత్త సలహా సరిపోదు. చివరిగా, ముక్కు నుంచి గడ్డకట్టని నల్లరక్తం కారుతున్న గొడ్డును చూసి మా పెద్దలు గుర్తుపట్టే ఆ జ్ఞానాన్ని నిఘా వ్యవస్థలో జీతమున్న ఉద్యోగంగా మార్చమని అడగండి. అయితే ఆ పని మళ్లీ ఒక్క కులానికే మిగలకూడదు.

పీహెచ్‌ను దశాంశ స్థానం దాకా రాసే మనకు ఈ గడులు నింపడం కష్టం కాదు.