తక్కువ మందికొచ్చే జబ్బని వదిలేద్దామా?

ఈసారి పంట గురించి కాదు, ఒక జబ్బు గురించి రాస్తున్నా. కొంచెం పొడుగుంటుంది, ఓపిగ్గా చదవండి.

ఒంటి నిండా మెత్తటి గడ్డలు లేచిన మనుషుల్ని సంతలోనో బస్టాండులోనో మీరు చూసే ఉంటారు. అంటుకుంటుందని కొందరు పక్కన కూర్చోరు. పూర్వజన్మ పాపం అనేవాళ్లూ ఉన్నారు. అలాంటి వాళ్లలో చాలామందికి ఉండేది న్యూరోఫైబ్రోమటోసిస్ అనే జబ్బు. డాక్టర్లు ఎన్‌ఎఫ్ అంటారు. అది అంటుకోదు. ఒంట్లో కణాలు అదుపు తప్పి పెరగకుండా బ్రేకు వేసే జన్యువు ఒకటుంది. అది పుట్టుకతోనే చెడిపోతే నరాల మీద గడ్డలు లేస్తాయి. ఎక్కువ భాగం కేన్సర్ గడ్డలు కావు. కానీ కొందరు పిల్లల్లో లోపల్లోపలే పెరిగి కన్నునో, వెన్నునో, ఊపిరి గొట్టాన్నో నొక్కేస్తాయి. కొన్ని కేన్సర్‌గానూ మారతాయి.

తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం ఉంటుంది. అయితే సుమారు సగం మందికి ఇంట్లో ఎవరికీ లేకుండానే వస్తుంది. కాబట్టి మా వంశంలో లేదులే అని ధీమాగా ఉండటానికి లేదు.

దాదాపు 3000 మందిలో ఒకరికి ఇది ఉంటుంది. అంటే 60 వేల జనాభా ఉన్న మండలంలో 20 మంది. 2011 జనాభా లెక్కన చూస్తే మన రెండు తెలుగు రాష్ట్రాల్లో 28 వేల మంది దాకా. వీళ్ల కోసం మందు ఎవరు కనిపెట్టాలి?

మన పైర్ల సంగతే చూడండి. మిరపకు తామర పురుగు పడితే షాపు నిండా మందులే. కొర్రకు వెర్రికంకి తెగులొస్తే ఏ కంపెనీ పరిగెత్తుకొస్తుంది? ఎకరాలు తక్కువ, లాభం తక్కువ. అయినా సూర్యనంది లాంటి కొర్ర రకాలు మన చేతికొచ్చాయంటే నంద్యాల పరిశోధన స్థానం చలవే. అది ప్రభుత్వ డబ్బు. ఇలాంటి పంటల్ని శాస్త్రవేత్తలు అనాథ పంటలు అంటారు. అరుదైన జబ్బుల మందుల్ని డాక్టర్లు కూడా అనాథ మందులనే అంటారు. రెంటికీ దిక్కు ఒకటే, ప్రజల సొమ్ము.

అమెరికాలో జరిగింది చెబుతా. ఎన్‌ఎఫ్‌లో ఎక్కువగా కనిపించే రకానికి కారణమైన జన్యువును 1990లో కనిపెట్టారు. రోగుల కుటుంబాలు పట్టుబట్టి అడిగితే 1996లో అక్కడి రక్షణ శాఖ పద్దు కింద ఈ పరిశోధనకు 80 లక్షల డాలర్లు ఇచ్చారు. సెలుమెటినిబ్ అనే మందును కంపెనీలు వేరే కేన్సర్ల కోసం చేసుకున్నాయి. అది ఈ పిల్లలకు పనికొస్తుందని ప్రభుత్వ కేన్సర్ సంస్థ డాక్టర్లు పరీక్షించి చూపించారు. మూడింట రెండు వంతుల పిల్లల్లో గడ్డ తగ్గింది. 2020లో అనుమతి వచ్చింది. జన్యువు దొరికినప్పటి నుంచి 30 ఏళ్లు! ఒక కొత్త వంగడం రావడానికే ఎన్నేళ్లు పడుతుందో మనకు తెలుసు. పరిశోధన అంతే, ఈ ఏడు విత్తి ఈ ఏడే కోసేది కాదు.

"పీహెచ్‌సీలో బీపీ బిళ్లలే సరిగా ఉండవు, ఈ అరుదైన జబ్బులెందుకు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బిళ్లల డబ్బు తీసి ఇటు పెట్టమని నేననడం లేదు. కానీ ఆ బ్రేకు జన్యువు అదుపు చేసే దారే ఊపిరితిత్తులు, పెద్దపేగు, క్లోమం కేన్సర్లలో చాలావాటిలో చెడిపోతుంది. ఆ 20 మంది కోసం నేర్చుకున్నది రేపు మండలం మొత్తానికీ పనికొస్తుంది.

మన దేశంలో 2021లో అరుదైన వ్యాధుల జాతీయ విధానం వచ్చింది. జాబితాలో ఉన్న జబ్బులకు హైదరాబాద్ నిమ్స్ లాంటి కేంద్రాల ద్వారా 50 లక్షల దాకా సాయం ఉంది. మంచిదే. కానీ అది వైద్యానికిచ్చే డబ్బు. పరాయి దేశం కనిపెట్టిన మందునే కొనుక్కుంటూ పోతే, ఏటా కంపెనీ విత్తనం కొన్నట్టే ఉంటుంది. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ లాంటి జన్యు పరిశోధన సంస్థలున్నాయి, మందుల ఫ్యాక్టరీలున్నాయి. కావాల్సింది ఏటా ఆగకుండా వచ్చే కేటాయింపు.

మన వంతుగా రెండు పనులు చేద్దాం. పిల్లల ఒంటి మీద 5 మిల్లీమీటర్లకు మించిన కాఫీ రంగు మచ్చలు ఆరు, అంతకన్నా ఎక్కువ ఉంటే దాచకుండా డాక్టరుకు చూపించండి. ఈ-క్రాప్‌లో ఎక్కని పొలం లెక్కలో ఉండదు. దాచిన జబ్బూ అంతే. రెండోది, ఎంపీ గారు ఊరికొచ్చినప్పుడు రోడ్డు, బోరుతో పాటు ఈ పరిశోధన డబ్బు సంగతి కూడా అడగండి. అక్కడ అడిగింది కూడా మనలాంటి తల్లిదండ్రులే.

కాదనేవాళ్లు కింద రాయండి, మాట్లాడుకుందాం.