పొగడ్త వద్దు, మైదానం కావాలి

ఆదివాసీ పిల్లలకు పరుగు పుట్టుకతోనే వస్తుందని, విల్లు మన రక్తంలోనే ఉందని సభల్లో పొగుడుతారు. ఆ పొగడ్త వెనుక ఒక ఎగవేత ఉంది. రక్తంలోనే ఉంటే ఇక ట్రాక్ ఎందుకు, కోచ్ ఎందుకు, మంచి తిండి ఎందుకు?

మన చరిత్ర అలా చెప్పదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా ఆదివాసీ. ఆయన ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ జట్టులో ఆడినవాడు. రాజస్థాన్ ఆదివాసీ లింబారామ్ వెదురు విల్లుతో మొదలుపెట్టినా, శిక్షణ శిబిరానికి చేరాకే మూడు ఒలింపిక్స్‌కు వెళ్లాడు. బలం వాళ్లదే, దారి ఇచ్చింది మైదానం.

ఒలింపిక్ విలువిద్యలో గురి 70 మీటర్ల దూరంలో ఉంటుంది. ఆ పోటీ విల్లు మన ఇళ్లలో కొనగలిగేది కాదు. యూనివర్సిటీ కాక ఎవరివ్వాలి?

2014 విభజన చట్టం రెండు రాష్ట్రాలకూ గిరిజన యూనివర్సిటీలు ఇస్తామంది. విజయనగరానికి 2019లో, ములుగు సమ్మక్క సారక్క యూనివర్సిటీకి 2023లో చట్టం వచ్చింది. ములుగుకు 889 కోట్లు అన్నారు. అందులో ఆటకెంత?

భవనాలన్నీ కట్టాక మిగిలిన జాగాలో మైదానం అంటే మేం ఒప్పుకోం. 400 మీటర్ల ట్రాక్, విలువిద్య రేంజ్, ఆడపిల్లలకు గదులు, హాస్టల్లో గుడ్డూ పాలూ మొదటి ప్లానులోనే ఉండాలి. చుట్టుపక్కల గూడేల పిల్లలకూ గేటు తెరవాలి.

టీచర్లారా, ప్రారంభోత్సవాల్లో మన పిల్లలచేత థింసా ఆడించమని అడిగితే, ముందు మైదానం ఎక్కడో చూపించమనండి.