చదువని బిల్లు

విద్యుచ్ఛక్తి ధర హెచ్చినదని మొరపెట్టని వర్తకుడు మన పట్టణములలో లేడు. మొర న్యాయమైనదే. కాని నెలనెల వచ్చు బిల్లులో చివరి యంకె తప్ప తక్కిన పంక్తులు చదివిన వారెందరు? బిల్లు రాగానే గుమాస్తాచేత సొమ్ము కట్టించి, పిమ్మట ప్రభుత్వమును నిందించుట మన వర్తకులకు వాడుకయైనది. ధాన్యపు బస్తాను తూచనిదే గడప దాటనీయని మిల్లు యజమాని కరెంటును తూచకయే కొనుచున్నాడు. ఇంతకంటె వింత యేమున్నది?

మొదటి చిల్లు ఒప్పందపు డిమాండు. ఆంధ్రప్రదేశములో హెచ్.టి. సర్వీసు గల మిల్లు, ఆ నెలలో నమోదైన గరిష్ఠ డిమాండునకు గాని, ఒప్పందపు డిమాండులో నూటికి 80 వంతులకు గాని, ఏది హెచ్చో దానికి డిమాండు చార్జీ చెల్లింపవలెను. యంత్రములు విరివిగా నాడిన దినములలో 200 కేవీఏకు ఒప్పందము వ్రాసిన యజమాని నేడు ఏ నెలయందును 110 దాటుట లేదనుకొందము. ఐనను అతడు 160కి చెల్లించును. వాడని 50 కేవీఏకు, నెలకు 475 రూపాయల చొప్పున, సంవత్సరమునకు 2,85,000 రూపాయలు! ఈ సొమ్ముతో ఒక దీపమైనను వెలుగలేదు, ఒక బస్తాయైనను ఆడలేదు. పండ్రెండు నెలల బిల్లులు ముందుంచుకొని, పని ముమ్మరమగు నెలలను గూడ గమనించి, ఒప్పందమును తగ్గింప దరఖాస్తు చేయవలెను. మితిమీరి తగ్గించినచో అదనపు వాడుకకు దండుగ తప్పదు.

రెండవది పవర్ ఫాక్టరు. కేవీఏహెచ్ లెక్కన బిల్లు వచ్చు సర్వీసులో, 1,000 కిలోవాట్ గంటల పనికి, ఫాక్టరు 0.80 అయినచో 1,250 యూనిట్లు పడును, 0.98 అయినచో సుమారు 1,020 మాత్రమే. తగిన కెపాసిటర్లు దీనికి మందు. ఐతే గోడకు తగిలించిన పెట్టె బిల్లును సగము చేయునని చెప్పి అమ్మువారిని నమ్మరాదు. కిలోవాట్ గంటల లెక్కన చెల్లించు చిన్న దుకాణమునకు ఆ పెట్టెవలన పైసయైనను మిగులదు.

మూడవది వేళ. 2023లో సవరింపబడిన విద్యుద్వినియోగదారుల హక్కుల నియమములు, పగటి సౌరవేళలలో ధర మామూలుకంటె నూటికి 20 వంతులైనను తక్కువగా నుండవలెనని విధించినవి. మన రాష్ట్రపు టారిఫ్ ఉత్తరువులో ఆ వేళలకు ఏమి నిర్ణయించిరో చూచి, పగలు జరుపదగిన పనిని పగలే జరుపుకొనవలదా?

ఇక శాసనము. 2003 నాటి విద్యుచ్చట్టము 47వ సెక్షను మన డిపాజిట్టుపై వడ్డీ యిమ్మనుచున్నది. 56వ సెక్షను, బకాయిగా ఎడతెగక బిల్లులలో చూపని పాత సొమ్మును రెండేండ్లు దాటిన పిమ్మట వసూలు చేయరాదనుచున్నది. 42వ సెక్షను ఫిర్యాదుల పరిష్కార వేదికను, దానిపై అంబుడ్స్‌మన్‌ను కల్పించినది. ఇన్ని ఆయుధములుండియు చేతులు ముడుచుకొని కూర్చుండుట మన దోషమే.

చిన్న వర్తకునకు ఇంత తీరిక యెక్కడిదని కొందరందురు. నిజమే. కంపెనీలు సామాన్యునకు బోధపడని ఆంగ్ల సంక్షేపాక్షరములతో బిల్లులు నింపుట మన్నింపరాని తప్పు. వీనిని తెలుగున విప్పి చెప్పుమని మనమేల అడుగరాదు? ఒక్కని వలన కాని పనికే గదా వర్తక సంఘములున్నవి! పఠనాలయములో నెలకొక సాయంకాలము బిల్లులు పరచి ఒకరికొకరు చదువుకొనుటకు ఖర్చేమున్నది? టారిఫ్ ఉత్తరువునకు ముందు నియంత్రణ మండలి జరుపు బహిరంగ విచారణకు లెక్కలతో పోయిన పదుగురు, ఉత్తచేతులతో పోయిన వెయ్యిమందికంటె బలవంతులు.

1921లో చీరాల పేరాల ప్రజలు మోయలేని పురపాలక పన్నును ధిక్కరించి ఇండ్లు విడిచి పోయిరి. నేడు మేము ఎవరిని ఇల్లు విడువుమనుట లేదు; బకాయి పెట్టుమనుటయు లేదు. చెల్లింపుడు. కాని చదివి చెల్లింపుడు.